రాహుకాలము, రైలు గడియారము

మూడేండ్ల క్రిందట మార్గశిరమాసమున ఒక సోమవారము ఉదయము హైదరాబాదులో నాకు చిరకాలమిత్రులైన ఒక పెద్దమనుష్యునకు హఠాత్తుగా మాట తడబడి, కుడిచేయి వ్రాలిపోయెను. గోడగడియారమున అప్పటికి 7-35. వాకిట కారు సిద్ధముగా నున్నది. ఆసుపత్రి రెండుమైళ్లకు మించిన దూరము లేదు. ఇంటివారు ఆయనను కారెక్కింపబోవుచుండగా ఆయింటి ముసలమ్మగారు అడ్డుపడి, "సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిదిదాకా రాహుకాలం గదా నాయనా! ఇటువంటి వేళ గడప దాటిస్తే మనిషి దక్కుతాడా? తొమ్మిది కొట్టనీ" అనెను. ఎవ్వరును ఎదురు చెప్పలేకపోయిరి. తొమ్మిది కొట్టిన పిదపనే కారు కదలెను.

మెదడులో రక్తపుగడ్డ అడ్డుపడుటచే కలుగు పక్షవాతమునకు ఆ గడ్డను కరిగించు మందు కలదు. దానిని సాధారణముగా లక్షణములు కనబడిన నాలుగున్నర గంటల లోపలనే ఈయవలయును. ఆ గడువులోనైనను ఎంత ముందుగా నిచ్చిన అంత మేలు. ఒక్కొక్క నిమిషమునకును మెదడులో కొంత భాగము చచ్చిపోవుచుండును. నా మిత్రులు బ్రదికియున్నారు. కాని ఆ కుడిచేయి నేటికిని కలము పట్టదు. ఆ జాగు లేకున్నచో చేయి నిలిచియుండెడిదని నేను ప్రమాణము చేసి చెప్పజాలను. నిలుచుటకు కల అవకాశములో కొంత భాగమును ఆ గంటన్నర హరించినదని మాత్రము వైద్యులే చెప్పిరి.

ఆనాటి రాత్రి నేను పంచాంగమును, కాగితమును ముందుంచుకొని లెక్క వేసితిని. ఆ దినమున హైదరాబాదులో సూర్యోదయము 6-42, అస్తమయము సాయంకాలము 5-47. పగటి నిడివి 11 గంటల 5 నిమిషములు. అందు ఎనిమిదవ పాలు 83 నిమిషములు. సోమవారమున రాహుకాలము రెండవ పాలు. అనగా ఆనాడు 8-05కు మొదలై 9-28కి ముగిసినది. కావున 7-35కు కారు కదలియున్నచో రాహువు ఇంకను అరగంట దూరమున నుండెను. తొమ్మిదింట కదలినప్పుడు రాహుకాలము ముగియుటకు ఇంకను 28 నిమిషము లుండెను. రాహువునకు వెఱచి ఇంటిలో కూర్చున్నవారు సరిగా రాహువు నోటికే ఎదురు నడచిరి!

నేను జ్యోతిష్కుడను కాను. న్యాయస్థానములలో వాదించుకొని బ్రదుకువాడను. రాహువు కలడా లేడా యను వ్యాజ్యమును నేనిచట ఎత్తుకొనుట లేదు. అది తెగు వ్యాజ్యము కాదు. మా వృత్తిలో ఒక మార్గము కలదు: ఎదిరిపక్షము చెప్పినదంతయు నిజమే అని క్షణకాలము ఒప్పుకొని, ఆ మాట ననుసరించియే తీర్పు ఎట్లు వచ్చునో చూచుట. ఆ మార్గముననే పోవుదము. రాహుకాలము కలదనియే అనుకొందము. అప్పుడు పాఠకమహాశయులను నేనడుగునది ఒక్కటే: మనము పాటించుచున్నది రాహుకాలమేనా?

దినములోని శుభాశుభవేళలను మన పంచాంగకర్తలు రెండు విధములుగా లెక్కింతురు. కొన్ని సూర్యునిబట్టి, కొన్ని చంద్రునిబట్టి. రాహుకాలము, యమగండము, గుళికకాలము, దుర్ముహూర్తము సూర్యునికి సంబంధించినవి. సూర్యోదయము మొదలు సూర్యాస్తమయమువఱకు గల పగటిని ఎనిమిది పాళ్లు చేసి, ఆదివారమున ఎనిమిదవ పాలు, సోమవారమున రెండవది, మంగళవారమున ఏడవది, బుధవారమున అయిదవది, గురువారమున ఆఱవది, శుక్రవారమున నాలుగవది, శనివారమున మూడవది రాహుకాలమని నిర్ణయించిరి. యమగండమునకును గుళికకును ఇవే ఎనిమిది పాళ్లు, వరుసలు వేఱు. గుళిక ఆదివారమున ఏడవ పాలై, దినమున కొక్కటి చొప్పున తగ్గుచు శనివారమునకు మొదటి పాలగును. దుర్ముహూర్తమునకు పగటిని ఎనిమిది గాక పదునైదు పాళ్లు చేయవలయును. అందు ఒక్కొక్కటి ముహూర్తము. పగలు 12 గంటలయినచో ముహూర్తము 48 నిమిషములు. ఈ పదునైదింటి నడుమనున్న ఎనిమిదవదే అభిజిత్తు. ఏ శుభలగ్నమును కుదరనప్పుడు అభిజిత్తే దిక్కని మన పెద్దలు చెప్పుదురు. బుధవారమున మాత్రము ఆ ఎనిమిదవదే దుర్ముహూర్తమగును.

ఇక వర్జ్యము చంద్రునిది. చంద్రుడు ఒక నక్షత్రమును దాటుటకు పట్టు కాలమును అఱువది పాళ్లు చేసి, ఒక్కొక్క నక్షత్రమునకు ఒక్కొక్కచోట నాలుగు పాళ్లు వర్జ్యమనిరి. అశ్వినికి ఏబది పాళ్లు గడచినపిదప, కృత్తికకు ముప్పది గడచినపిదప, మృగశిరకు పదునాలుగు గడచినపిదప వర్జ్యము వచ్చును. చంద్రుని నడక ఒక్కతీరున ఉండదు. ఒక నక్షత్రమును ఒకప్పుడు 21 గంటలలో దాటును. ఒకప్పుడు 27 గంటలు పట్టును. కావున వర్జ్యము ఎప్పుడును గంటన్నరయే అనుట పొరపాటు. అది చంద్రుని వేగమునుబట్టి సాగును, ముడుచుకొనును.

ఇంతవఱకు చెప్పినదానిలో చదువరులు గమనింపవలసిన దేమి? ఎచ్చటను గడియారపు గంట లేదు. "ఏడున్నర" లేదు, "తొమ్మిది" లేదు. ఉన్నది ఉదయము, అస్తమయము, పాళ్లు. పూర్వులు దినమును అఱువది గడియలు చేసి, సూర్యోదయమును సున్నగా పెట్టుకొని లెక్కించిరి. అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై వదలి, అది నిండి మునిగినప్పు డెల్ల ఒక గడియ యనిరి. గడియ యనగా 24 నిమిషములు. ఆ పద్ధతిలో ఏ ఊరివాడు ఆ ఊరి సూర్యుని చూచియే లెక్క మొదలిడును. విశాఖపట్టణపు సూర్యునితో హైదరాబాదువానికి పనిలేదు. తప్పు జరుగుటకు తావే లేదు.

తప్పు ఎప్పుడు వచ్చినదనగా, ఈ గడియలను గోడగడియారపు గంటలలోనికి మార్చినప్పుడు. సూర్యుడు ఆరింట ఉదయించి ఆరింట అస్తమించునని ఎవరో సౌకర్యము కొఱకు అనుకొని, పన్నెండు గంటలను ఎనిమిదిచే భాగించి, గంటన్నర చొప్పున ఒక పట్టిక వ్రాసిరి. ఆదివారము 4-30 మొదలు 6. సోమవారము 7-30 మొదలు 9. మంగళవారము 3 మొదలు 4-30. బుధవారము 12 మొదలు 1-30. గురువారము 1-30 మొదలు 3. శుక్రవారము 10-30 మొదలు 12. శనివారము 9 మొదలు 10-30. ఉదాహరణముగా చూపిన లెక్క కాలక్రమమున శాసనమై కూర్చున్నది. నేడు ఏ అంగడి క్యాలెండరు చూచినను ఇదే. ఏ ముసలమ్మ నడిగినను ఇదే.

ఆ గడియారము మాత్రము మన ఊరి సూర్యునిదా? కాదు. పూర్వము ఊరి కొక కాలముండెను. రైళ్లు వచ్చినపిదప మదరాసు కాలమని ఒకటి రైళ్ల కేర్పడెను. 1906 జనవరి 1వ తేదీనుండి గ్రీనిచ్చికి అయిదున్నర గంటలు ముందుండు కాలమును హిందూదేశమునకంతకు ఒక్కటిగా ఏర్పఱచిరి. అది 82½ డిగ్రీల రేఖాంశపు కాలము. ఆ రేఖ మన కాకినాడకు కొంచెము తూర్పుగా పోవుచున్నది. ఆ రేఖకు ఒక్కొక్క డిగ్రీ పడమరగా పోయినకొలది సూర్యుడు నాలుగేసి నిమిషములు ఆలస్యముగా వచ్చును. విశాఖపట్టణమునకును హైదరాబాదునకును ఇందుచే 19 నిమిషముల భేదము కలదు. నా మిత్రుల ఇంట 8-05కు రాహుకాలము మొదలైననాడు విశాఖలో అది 7-46కే మొదలై 9-09కి ముగిసియుండును. ఒకే రాష్ట్రీయ గడియారము, ఒకే సోమవారము, ఒకే రాహువు. వేళలు మాత్రము వేఱు.

ఇంకొక వింత చూడుడు. పట్టిక కాధారమైన "ఆరింట ఉదయము, ఆరింట అస్తమయము" అను దినము హైదరాబాదులో ఏడాది పొడవున ఒక్కటియైనను లేదు. మార్చి నడుమ పగలు సరిగా 12 గంటలుండు దినములలో అచట సూర్యుడు ఉదయము సుమారు 6-25కు వచ్చి, సాయంకాలము 6-25కు పోవును. జూను నెల చివరిభాగమున పగలు 13 గంటల 10 నిమిషములు. ఎనిమిదవ పాలు 99 నిమిషములు. అప్పుడు ఆదివారపు రాహుకాలము సాయంకాలము 5-14కు మొదలై 6-53కు ముగియును. పట్టికను నమ్మినవాడు 4-30 మొదలు 6వఱకు ముడుచుకొని కూర్చుండి, ఆరు కొట్టగానే "రాహువు పోయినాడు" అని పెండ్లిచూపులకు బయలుదేఱును. మంచివేళ ముప్పాతికగంట పోగొట్టుకొని, చెడువేళ నడిమికి నడచిపోవును. చికాగోలో కాపురముండు మన తెలుగు సోదరుల సంగతి ఇక చెప్పనక్కఱలేదు. అచట జూనులో పగలు 15 గంటలకు మించును, పాలు 114 నిమిషములు. డిసెంబరులో పగలు 9 గంటల చిల్లర, పాలు 69 నిమిషములు. విజయవాడలో అచ్చయిన క్యాలెండరు అచటి గోడపై వ్రేలాడుచు ఏడున్నర, తొమ్మిది యని బెదరించుచున్నది!

కనుక నమ్మువాడు నమ్మదలచినదానినే తప్పించుకొని తిరుగుచున్నాడు. దీనిని శాస్త్రనిష్ఠ యనవచ్చునా? దస్తావేజు చదువకయే వ్రేలిముద్ర వేయుట యందుము మేము.

"పట్టిక తప్పయిన సరిచేసికొందుము, సెల్‌ఫోనులో ఊరి పేరు కొట్టిన నిమిషములతో సహా చూపుచున్నది" అని కొంద ఱనవచ్చును. మంచిదే. లెక్క సరియైనంతమాత్రమున వ్యాజ్యము ముగిసినదా? సాక్షులు పరస్పర విరుద్ధముగా చెప్పునప్పుడు న్యాయాధిపతి ఏమి చేయును? గుజరాతువారు పగటిని మనవలెనే ఎనిమిది పాళ్లు చేసి చౌఘడియా యందురు. ఉద్వేగము, చరము, లాభము, అమృతము, కాలము, శుభము, రోగము అని వాని పేర్లు. అందు అమృతము, శుభము, లాభము మేలైనవి. గురువారము మొదటి పాలు శుభముతో మొదలగును; వరుస లెక్కించిన ఆఱవ పాలు అమృతము. మనకు గురువారము ఆఱవ పాలే రాహుకాలము! మంగళవారము ఏడవ పాలు వారికి శుభము, మనకు రాహుకాలము. ఒకే సూర్యుని క్రింద, ఒకే పగటిని, ఒకే ఎనిమిది ముక్కలు చేసి, ఒకే ముక్కను అహమ్మదాబాదువాడు అమృతమని క్రొత్త ఖాతాపుస్తకము తెఱచుచున్నాడు. గుంటూరువాడు విషమని పెట్టె మూసి కూర్చుండుచున్నాడు. గుజరాతు వర్తకము మునిగిపోయినదా? మన వర్తకము వారిని మించినదా?

మఱియు ఇది వేదకాలపు ఆచారమనువారికి ఒక మనవి. రాహుకాలము వారమునుబట్టి వచ్చునది. వేదాంగజ్యోతిషమున తిథినక్షత్రములు కలవు గాని ఏడువారముల మాట లేదు. మన శాసనములలో వారము పేరుతో కనబడు తొలి వానిలో 484వ సంవత్సరపు ఏరణ్ శాసనము ఒకటి. అందు గురువారము చెప్పబడినది. 499 నాటి ఆర్యభటీయమున వారముల వరుసకు కారణము కలదు. శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని మందగతి మొదలు శీఘ్రగతివఱకు గ్రహములను వరుసగా పెట్టి, ఒక్కొక్క హోరకు ఒక్కొక్కనిని అధిపతి చేసిన, ఇరువదినాలుగు హోరలు తిరిగి మఱునాటి ఉదయమునకు నాలుగవవాడు వచ్చును. శనికి నాలుగవవాడు రవి. రవికి నాలుగవవాడు చంద్రుడు. అందుచే శనివారము తరువాత ఆదివారము, పిదప సోమవారము. ఎంత చక్కని లెక్క! రోమకులును ఈ వరుసనే పాటించిరి. దేశముల మధ్య విద్య రాకపోకలు సాగించుట సిగ్గుపడవలసిన విషయము కాదు. వారమే లెక్కలో లేని కాలమున వారమునుబట్టి వచ్చు రాహుకాలము ఉండుట అసంభవమని మాత్రము గ్రహింపవలయును. పుట్టిన తేదీ కలదానిని అనాది యనరాదు.

"ఇంతకును గంటన్నర సేపు ఆగుటలో నష్టమేమి? మనశ్శాంతి కలుగునుగదా" అను వాదము ఒకటి మిగిలినది. ఇది అన్నింటికంటె మెత్తనిది గనుక అన్నింటికంటె బలమైనది. దీనికి జమాఖర్చు వ్రాసి చూతము. గురువారమునే తీసికొందము, పట్టిక లెక్కనే తీసికొందము. ఉదయము 6 మొదలు 7-30 యమగండము. 9 మొదలు 10-30 గుళిక. 10 మొదలు 10-48 ఒక దుర్ముహూర్తము. 1-30 మొదలు 3 రాహుకాలము. 2-48 మొదలు 3-36 రెండవ దుర్ముహూర్తము. ఒకదానిపై నొకటి పడిన నిమిషములను మినహాయించినను, 12 గంటల పగటిలో 5 గంటల 24 నిమిషములు పనికిరానివి. గుళికను పాటింపనివారికిని 4 గంటల 24 నిమిషములు పోవును. వర్జ్యము కూడ పగలే పడినచో దాదాపు మఱియొక గంటన్నర. మిగిలినదానిలో భోజనము, నిద్ర, పరామర్శ పోగా పని కెంత? దినకూలి చేయువానికి ఈ లెక్క చూచుకొను తీరిక లేదు. వాడు గుళికలోనే గునపము పట్టును, రాహుకాలముననే రాళ్లు మోయును. వానిచేత కట్టించుకొన్న ఇంటిలో మనము రాహుకాలము చూచి అడుగు పెట్టుదుము! రైలు సోమవారము ఎనిమిదింటికి బయలుదేఱును. అందు కూర్చున్న వేయిమందిలో ఒక్కడును "తొమ్మిది కానీయుడు" అని దిగడు. న్యాయస్థానమున పిలుపు వచ్చునప్పటికి వాది లేకున్న దావా కొట్టివేయుదురు. దుర్ముహూర్తమని విన్నవించుకొన్న ఎవ్వరును వినరు. ఇతరులు నిర్ణయించిన వేళకు మనము రాహువును మఱచిపోవుదుము. మన చేతిలో నున్న వేళకు మాత్రము రాహువు జ్ఞాపకము వచ్చును. అనగా ఈ భయము పనిచేయునది మన స్వాతంత్ర్యముమీదనే.

స్వాతంత్ర్యమను మాట వచ్చినది గనుక మన స్వాతంత్ర్యదినమునే పరిశీలింతము. 1947 ఆగస్టు 15 శుక్రవారము. ఆ దినము మంచిది కాదని జ్యోతిష్కులు కొందఱు ఆక్షేపించిరని చరిత్రకారులు వ్రాసిరి. రాజ్యాంగసభ 14వ తేదీ రాత్రియే సమావేశమై అర్ధరాత్రమున అధికారమును గైకొనెను. మఱునాటి కార్యక్రమపత్రము ప్రకారము మంత్రుల ప్రమాణస్వీకారము ఉదయము 8-30. రాజ్యాంగసభాభవనముపై పతాకావిష్కరణము 10-30. ఢిల్లీలో ఆ దినమున సూర్యోదయము సుమారు 5-50, అస్తమయము సుమారు 7 గంటలు. శుక్రవారపు తొలి దుర్ముహూర్తము నాలుగవ ముహూర్తము. లెక్కవేసిన 8-28 ప్రాంతమున మొదలై 9-20 ప్రాంతమున ముగియును. సరిగా అప్పుడే మన తొలి మంత్రివర్గము ప్రమాణము చేసెను. 10-30 పట్టిక ప్రకారము శుక్రవారపు రాహుకాలమునకు మొదటి నిమిషము. సూర్యుని ప్రకారము ఇంకను పావుగంట వ్యవధి కలదు. ఇప్పుడు చెప్పుడు: ఆ పతాకము రాహుకాలమున ఎగిరినదా, శుభవేళ ఎగిరినదా? పట్టికవాడు ఒకటి చెప్పును, లెక్కవాడు ఒకటి చెప్పును. పతాకము మాత్రము ఎగురుచునే యున్నది. దేశమునకు తరువాత వచ్చిన కష్టములకు ఆ వేళను నిందించువారు కలరు. విభజనరక్తపాతము ముహూర్తదోషమనుట మనుష్యుల నేరమును గ్రహములమీదికి త్రోయుటయే. నేరస్థులకు ఇంతకంటె మంచి న్యాయవాది దొరకడు!

పంచాంగమును ప్రశ్నించుట పెద్దలను ధిక్కరించుట యని శంకింపవలదు. పంచాంగమును ఆకాశముతో పోల్చి దిద్దుటయే మన పెద్దల మార్గము. మదరాసు నక్షత్రశాలలో పనిచేసి, 1867లో ఒక క్రొత్త చరతారను కనుగొనిన చింతామణి రఘునాథాచార్యులు పాతవాక్యములపై ఆధారపడిన పంచాంగములు ఆకాశమునకు సరిపడుట లేదని చూపి, దృగ్గణితమునే గ్రహింపవలయునని వాదించి, అట్టి పంచాంగమును ప్రకటించిరి. ఒఢ్రదేశమున సామంత చంద్రశేఖరుడు వెదురుబద్దలతో చేసిన సాధనములతోనే గ్రహములను పరీక్షించి సిద్ధాంతదర్పణమును వ్రాసెను. లోకమాన్య తిలకుగారు రాజకీయములకు నడుమ పంచాంగసంస్కారమునకై పాటుపడిరి. స్వతంత్రభారతమున 1952లో మేఘనాథ సాహాగారి అధ్యక్షతను పంచాంగసంస్కరణసంఘ మేర్పడి, 1955లో నివేదిక సమర్పింపగా, 1957 మార్చి 22వ తేదీన రాష్ట్రీయపంచాంగము అమలులోనికి వచ్చెను. నేటికిని అది తెలుగుననుకూడ ప్రకటింపబడుచున్నది. వీరెవ్వరును ఆచారద్వేషులు కారు. లెక్కయందు భక్తి గలవారు. మనకు లెక్క పోయి భక్తి మిగిలినది. ఆ భక్తియు పట్టికమీద.

కావున నేను కోరునవి మూడు. మొదటిది: వేళలు పాటింపదలచినవాడు లెక్క నేర్వవలయును. ఉదయాస్తమయములు తెలిసిన యెడల ఎనిమిదిచే భాగించుట అయిదవ తరగతి పిల్లవానికిని వచ్చును. మన పఠనమందిరములలో నల్లబల్లపై ఆ ఊరి సూర్యోదయాస్తమయములను ప్రతిదినము వ్రాయుట ఏమంత కష్టము? లెక్కించుట తెలిసినవాడు భయపడుట కొంత మానును. తాను చేసిన భాగహారమునకు తానే దడిసికొనువాడు అరుదు. రెండవది: క్యాలెండర్లు అచ్చువేయువారు ఏ ఊరి సూర్యునికి ఆ వేళలు లెక్కింపబడెనో విధిగా తెలుపవలయును, తెలుపలేకున్న ఆ పట్టికను తీసివేయవలయును. తూకమురాళ్లపై ముద్ర ఉండవలయునని చట్టము చేసికొన్నాము; మనుష్యుల కాలమును తూచు రాయికి ముద్ర అక్కఱలేదా?

మూడవది ముఖ్యమైనది. వివాహము, గృహప్రవేశము, అక్షరాభ్యాసము వంటి మనము తీరికగా ఎన్నుకొను కార్యములకు ముహూర్తము చూచుకొందురు గాక. అందఱును కూడుటకు ఏదో యొకవేళ కావలయునుగదా. కాని రోగికి, ప్రసవవేదన పడు స్త్రీకి, పాము కాటు తిన్నవానికి, ఇల్లు అంటుకొన్నవానికి ముహూర్తము లేదు. నిత్యవిధులకు ముహూర్తము చూడనక్కఱలేదని మన ఆచారవేత్తలే చెప్పుదురు. ప్రాణమును కాపాడుటకంటె నిత్యవిధి ఏది? కాన్పును కోరిన లగ్నమునకు శస్త్రచికిత్సచే జరుపుడని వైద్యుల నిర్బంధించువారును ఈ మాట తలపోయవలయును. తల్లికిని బిడ్డకును ఏవేళ క్షేమమో చెప్పవలసినది వైద్యుడు, గ్రహములు కావు.

మొన్న నా మిత్రుల ఇంటికి పోయితిని. ఆయన ఎడమచేతితో అక్షరములు దిద్దుచున్నారు. ముసలమ్మగారు ప్రక్కన కూర్చుండి పలక పట్టుకొనియున్నారు. ఆనాటి లెక్కను నేనామెకు చెప్పలేదు. చెప్పి ప్రయోజనము లేదు, ఆమెయందు దోషమును లేదు. ఆమెకు పట్టిక నేర్పినవారు చదువుకొన్నవారు. పట్టిక తప్పని తెలిసియు ఊరకున్నవారును చదువుకొన్నవారే. ఆ యింటి గోడపై నేటికిని ఆ క్యాలెండరే వ్రేలాడుచున్నది. సోమవారము గడిలో 7-30 మొదలు 9 అనియే యున్నది. పాఠకులారా, మీ ఇంటి గోడ యొకసారి చూచుకొనుడు.